వైద్య శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్

కృష్ణా డెల్టాలోని మచిలీపట్టణమును, దానికి చేరువనున్న పెడనయు కలంకారి అద్దకమునకు పేరుగాంచిన ఊళ్ళు. అచ్చటి పనివారు నూలు బట్టను కరక్కాయ రసములోను, పాలలోను నానవేసి ఆరబెట్టుదురు. పిమ్మట పటిక కలిపిన ద్రావకమును కొయ్య అచ్చులతో దానిపై అద్దుదురు. బట్టను ఉతికి, ఎర్రరంగు కాగుచున్న పాత్రలో వేసి ఉడికింతురు. బట్ట యంతయు ఆ రంగునీటిలో మునిగియున్నను, పటిక అద్దిన పూవులును, ఆకులును మాత్రమే చక్కగా ఎర్రబారును. తక్కిన చోట రంగు నిలువక ఉతుకులో పోవును. రంగు తనకు పొత్తు కుదిరిన చోటనే పట్టుకొనును.

చూచుటకు ఇది చిన్న విషయము. కాని ఒక రంగు ఒక చోటనే ఏల అంటుకొనవలెను అను ప్రశ్నను పట్టుకొని, జీవితమంతయు దానిని విడువక, ఆ ప్రశ్న నుండియే ఎందరి ప్రాణములనో దక్కించిన శాస్త్రవేత్త ఒకడు కలడు. ఆయన పేరు పాల్ ఎర్లిక్. ఆయన జర్మనీ దేశీయుడు. అయినను నేడు కృష్ణాతీరపు పల్లెలో పాముకాటు తిన్న రైతునకు వైద్యుడు సూదిమందు ఎక్కించునప్పుడును, విజయవాడ వంటి నగరములోని వైద్యశాలలో కాన్సరు గడ్డ ముక్కను పరీక్షించునప్పుడును, ఆయన వేసిన త్రోవనే నడచుచున్నారు.

ఎర్లిక్ 1854వ సంవత్సరము మార్చి 14వ తేదీన స్ట్రేలెన్ అను చిన్న పట్టణమున ఒక యూదుల కుటుంబములో జన్మించెను. ఆ సీమ నాడు ప్రష్యా రాజ్యములోనిది. నేడు పోలెండు దేశములోనిది. తండ్రి పేరు ఇస్మార్, తల్లి పేరు రోజా. తల్లి వైపు బంధువైన కార్ల్ వైగెర్ట్ ఎర్లిక్ కంటె తొమ్మిదేండ్లు పెద్దవాడు. అతడు వైద్యుడై, శరీరములోని కణములకు రంగులు వేసి సూక్ష్మదర్శినితో పరీక్షించుచుండెను. పల్చని మాంసపు పొర సూక్ష్మదర్శిని క్రింద రంగు లేక, ఏది ఏదియో తెలియకుండ ఉండును. రంగు వేసినచో ఒక భాగము నీలముగను, మరియొక భాగము ఎర్రగను మారి, లోపలి నిర్మాణము స్పష్టమగును. ఈ వింత బాలుడైన ఎర్లిక్ మనస్సును ఆకర్షించెను.

ఆ కాలము కూడ అందులకు అనుకూలమైనదే. 1856లో ఇంగ్లండు దేశపు యువకుడు విలియం పెర్కిన్ బొగ్గుతారు నుండి ఊదారంగును తయారు చేసెను. తరువాత జర్మనీలో రంగుల కర్మాగారములు వేగముగా పెరిగెను. ప్రతి సంవత్సరమును క్రొత్త రంగులు బజారునకు వచ్చుచుండెను. నేతగాండ్రకు బట్టల కొరకు తయారైన ఆ రంగులను ఎర్లిక్ జీవకణములపై వేసి చూడసాగెను.

ఆయన బ్రెస్లావు, స్ట్రాస్‌బర్గు, ఫ్రైబర్గు, లైప్సిగు నగరములలోని విశ్వవిద్యాలయములలో వైద్యము చదివెను. ఉపన్యాసములకంటె ప్రయోగములే ఆయనకు ప్రియమైనవి. 1878లో లైప్సిగు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమునకై సమర్పించిన గ్రంథము కూడ రంగులను గూర్చినదే. రంగు కణమును తాకుట కేవలము పులుముట కాదనియు, రంగునకును కణములోని పదార్థమునకును మధ్య రసాయనిక సంబంధము కలదనియు ఆయన నమ్మెను. ఈ ఒక్క నమ్మకమే ఆయన చేసిన పనులన్నింటికిని మూలము.

అటుపిమ్మట ఎర్లిక్ బెర్లిన్‌లోని షారిటే వైద్యశాలలో చేరెను. అచ్చట రక్తమునకు రంగులు వేసి, తెల్లకణములలో పలు జాతులు కలవని చూపెను. నేటికిని రక్తపరీక్ష చేయువారు తెల్లకణములను జాతులవారీగా లెక్కించుటకు ఆయన పద్ధతియే ఆధారము. 1882లో రాబర్ట్ కాక్ క్షయరోగమునకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్లు ప్రకటించెను. ఆ సూక్ష్మజీవి సులభముగా కంటబడునది కాదు. ఎర్లిక్ వెంటనే పూనుకొని, దానికి గట్టిగా అంటుకొను మేలైన రంగు పద్ధతిని కనిపెట్టెను. క్షయరోగుల కఫమును పరీక్షించుట అందువలన ఎంతయో సులభమాయెను. 1883లో ఆయన హెడ్విగ్ పింకుస్ అను కన్యను వివాహమాడెను. వారికి ఇద్దరు కుమార్తెలు కలిగిరి.

ఏ రోగమును ఇతరుల కఫములో వెదకెనో, ఆ రోగమే 1888లో ఆయనను పట్టుకొనెను. ఉద్యోగమును విడిచి, భార్యతో కూడ ఈజిప్టు దేశమునకు పోయి, వేడిగాలిలో విశ్రాంతి గైకొనవలసి వచ్చెను. 1889లో ఆరోగ్యవంతుడై తిరిగివచ్చునప్పటికి ఆయనకు పదవి లేదు. అయినను నిరాశ చెందక, బెర్లిన్‌లో ఒక చిన్న సొంత ప్రయోగశాల పెట్టుకొనెను. ఆయన జీవితములో క్రొత్త మలుపు అచ్చటనే వచ్చినది.

ఆ ప్రయోగశాలలో ఆయన పరీక్షించిన వస్తువులు మన పల్లెటూరి పిల్లలకు చిరపరిచితములు. ఒకటి ఆముదపు గింజ, రెండవది గురువింద గింజ. ఆముదపు గింజలో రిసిన్ అను తీవ్రమైన విషము కలదు. అది నూనెలోనికి రాక పిండిలో మిగిలిపోవును. గురువింద గింజలో ఏబ్రిన్ అను విషము కలదు. కంటికి ఎంత అందముగా ఉన్నను గురువింద గింజను నమలరాదు. ఎర్లిక్ ఎలుకలకు మిక్కిలి తక్కువ మోతాదులో రిసిన్ తినిపించి, దినదినమును కొంచెము కొంచెముగా పెంచెను. కొన్ని వారములలో ఆ ఎలుకలు మామూలు ఎలుకను చంపు మోతాదునకు ఎన్నో రెట్లు విషమును కూడ తట్టుకొనసాగెను. వాని రక్తములో విషమును విరుచు పదార్థము పుట్టినది. అట్టి పదార్థములనే మనము నేడు ప్రతిరక్షకములు అందుము.

ఇందులో ఒక చిత్రము కలదు. రిసిన్‌కు అలవాటుపడిన ఎలుకకు ఏబ్రిన్ ఇచ్చినచో అది చచ్చెను. ఏబ్రిన్‌కు అలవాటుపడినది రిసిన్‌కు చచ్చెను. ఆముదపు విషమును ఎరిగిన ప్రతిరక్షకము గురువింద విషమును ఎరుగదు. అంటే రంగు వలెనే ప్రతిరక్షకము కూడ తనకు పొత్తు కుదిరిన దానినే పట్టుకొనుచున్నదన్నమాట. మరియు తల్లి ఎలుకకు గల రక్షణ పాల ద్వారా పిల్లలకు చేరుచున్నదని కూడ ఆయన నిరూపించెను. ఈ ప్రయోగముల పేరు విని రాబర్ట్ కాక్ తన క్రొత్త పరిశోధనాలయమునకు ఎర్లిక్‌ను ఆహ్వానించెను.

ఆనాడు ఐరోపాలో పసిపిల్లల పాలిట మృత్యువు కంఠసర్పి. దీనినే డిఫ్తీరియా అందురు. ఈ రోగము వచ్చిన బిడ్డ గొంతులో బూడిదరంగు పొర ఏర్పడి ఊపిరి ఆడకుండ చేయును. సూక్ష్మజీవి గొంతులోనే ఉన్నను, అది విడుచు విషము రక్తములో కలిసి గుండెను దెబ్బతీయును. తల్లిదండ్రులు చూచుచుండగనే బిడ్డ ప్రాణము పోవుచుండెను. వైద్యులు చేయగలిగినది మిక్కిలి తక్కువ.

1890లో ఎమీల్ బేరింగ్ అను జర్మనుడును, కిటసాటో అను జపాను దేశీయుడును ఒక మార్గమును కనుగొనిరి. జంతువునకు ఈ విషమును తగుమాత్రముగా ఎక్కించినచో దాని రక్తములో విరుగుడు పుట్టును. రక్తము గడ్డకట్టిన పిమ్మట పైన తేరిన పసుపుపచ్చని ద్రవమే సీరము. ఆ సీరమును మరియొక జంతువునకు ఎక్కించినచో దానికి కూడ రక్షణ కలుగును. లోకమంతయు సంతోషించెను. కాని రోగుల దగ్గరకు వచ్చుసరికి చిక్కులు ఎదురాయెను. ఒక బుడ్డిలోని సీరము ఒక బిడ్డను బ్రతికించెను. మరియొక బుడ్డిలోని సీరము మరియొక బిడ్డకు ఏ మేలును చేయలేదు. రెండును చూచుటకు ఒక్క రీతిగనే ఉండెను. ఏ బుడ్డిలో ఎంత బలము కలదో చెప్పగలవారు లేరు. మందు ఉన్నదన్న ధైర్యముతో ఎదురుచూచిన తల్లికి, ఆ మందు నీళ్ళవంటిదైనచో అంతకంటె ద్రోహము మరి ఏమున్నది?

ఎర్లిక్ ఈ పనికి పూనుకొనెను. ఎలుకల విషయమున నేర్చిన పాఠమునే పెద్ద జంతువులకు అన్వయించి, విషపు మోతాదును క్రమక్రమముగా పెంచుచు, మిక్కిలి బలమైన సీరమును సంపాదించెను. 1894లో ఆయనయు, ఆయన సహచరులును బెర్లిన్ వైద్యశాలలలో 220 మంది పిల్లలకు ఈ సీరముతో చికిత్స చేసిన ఫలితములను ప్రకటించిరి. రోగము కనబడిన మొదటి దినములలోనే సీరము అందిన పిల్లలు ఎక్కువగా బ్రతికిరి. ఆలస్యమైన కొలదియు ఫలితము తగ్గెను. ఆ సంవత్సరమే సీరము బజారులో అమ్మకమునకు వచ్చెను.

ఇక బలమును కొలుచుట ఎట్లు? పూర్వము మన కంసాలులు బంగారమును తూచుటకు గురువింద గింజను తూకముగా వాడుచుండిరి. అందరు కంసాలులును ఒకే తూకమును ఒప్పుకొన్నచో ఏ ఊరి బంగారమునైనను పోల్చవచ్చును. సీరమునకు కూడ అట్టి తూకము కావలెను. మొదట విషమునే తూకముగా పెట్టుకొనవలెనని చూచిరి. 250 గ్రాముల బరువుగల గినీపందిని నాలుగు దినములలో చంపు విషమును ఒక మోతాదు అనిరి. నూరు మోతాదుల విషమును విరుచు సీరమును ఒక యూనిట్టు అనిరి. లెక్క బాగుగనే ఉన్నది. కాని విషము నిలువ ఉంచినకొలది బలము కోల్పోవుచుండెను. నేటి నూరు మోతాదులు కొన్ని నెలలకు ఏబదియే అగును. గింజ తానే దినదినము తరుగుచున్నచో బంగారమును తూచుట ఎట్లు?

ఎర్లిక్ ఈ చిక్కును ఓపికగా పరిశీలించెను. అప్పుడు ఒక ఆశ్చర్యకరమైన సంగతి బయటపడెను. నిలువ ఉన్న విషమునకు చంపు శక్తి తగ్గినను, సీరముతో కలియు శక్తి తగ్గలేదు. కాబట్టి విషములో రెండు భాగములు ఉండవలెనని ఆయన ఊహించెను. ఒకటి పట్టుకొను భాగము, రెండవది హాని చేయు భాగము. రెండవది చెడినను మొదటిది నిలిచియుండును. అందుచేత తరుగుచున్న విషమును తూకముగా పెట్టుకొనరాదనియు, తరుగకుండ కాపాడిన సీరమునే తూకముగా పెట్టుకొనవలెననియు ఆయన నిర్ణయించెను.

అయినచో సీరము మాత్రము చెడిపోదా? తడి, వేడి, వెలుతురు, గాలి అను నాలుగును సీరమునకు శత్రువులు. ఎర్లిక్ ఆ నాలుగింటిని దూరము చేసెను. సీరమును ఎండబెట్టి పొడిగా మార్చి, ప్రత్యేకముగా చేయించిన గాజు గొట్టములో ఉంచెను. గొట్టపు రెండవ భాగములో తేమను పీల్చుకొను ఫాస్ఫరసు రసాయనమును ఉంచి, గాలినంతను తీసివేసి, మూతిని కరిగించి మూసెను. ఆ గొట్టములను చీకటిలో, చల్లని చోట భద్రపరచెను. నియమిత కాలమున ఒక్కొక్క గొట్టమును తెరచి, గ్లిజరిన్ కలిపిన ఉప్పునీటిలో కరిగించి, దానితో క్రొత్త సీరములను పోల్చి చూచుచుండెను. ఈ పద్ధతిని ఆయన 1897లో ప్రకటించెను.

అంతకు ముందు సంవత్సరమే, అనగా 1896లో, బెర్లిన్ సమీపమున స్టెగ్లిట్జ్ అను చోట సీరముల పరిశోధనకును, పరీక్షకును ప్రభుత్వము ఒక సంస్థను నెలకొల్పి ఎర్లిక్‌ను దానికి అధిపతిగా నియమించెను. పరీక్షకు నిలిచిన సీరము మాత్రమే రోగులకు చేరవలెనను నియమము బలపడెను. ఆ నియమము ఎంత అవసరమో 1901లో అమెరికాలో జరిగిన ఘోరము వలన తేటతెల్లమాయెను. సెయింట్ లూయీ నగరములో కంఠసర్పికి ఇచ్చిన సీరములో ధనుర్వాతపు విషము కలిసియుండుటచే 13 మంది పిల్లలు మరణించిరి. సీరమును తీసిన గుర్రమునకు ధనుర్వాతము సోకియుండెను. ఆ బుడ్లను ముందుగా పరీక్షించినవారు లేరు. మరుసటి సంవత్సరమే అమెరికా ప్రభుత్వము అట్టి మందుల తయారీపై చట్టము చేసెను. 1922లో నానాజాతి సమితి కంఠసర్పి సీరమునకు ఎర్లిక్ యూనిట్టునే ప్రపంచమంతటికిని ప్రమాణముగా అంగీకరించెను.

తూకము కొరకు చేసిన ఈ శ్రమ నుండియే ఎర్లిక్‌కు ఒక గొప్ప భావము తోచెను. విషము కణమును ఎట్లు పట్టుకొనుచున్నది? కణముపై సన్నని కొక్కెములవంటి నిర్మాణములు కలవని ఆయన ఊహించెను. ఒక్కొక్క తాళమునకు ఒక్కొక్క చెవి ఉన్నట్లు, ఒక్కొక్క కొక్కెమునకు ఒక్కొక్క పదార్థమే అమరును. మొదట వానిని పక్కగొలుసులనియు, 1900 నుండి గ్రాహకములనియు పిలిచెను. విషము ఒక గ్రాహకమును పట్టుకొన్నప్పుడు, కణము ఆ నష్టమును పూరించుకొనుటకై అట్టి గ్రాహకములను అవసరమునకు మించి పుట్టించుననియు, మిగిలినవి రక్తములోనికి జారి ప్రతిరక్షకములగుననియు ఆయన సిద్ధాంతము. 1900లో లండన్ నగరపు రాయల్ సొసైటీలో ఈ సిద్ధాంతమును బొమ్మలతో వివరించెను.

కంటికి కనబడని వానికి బొమ్మలు గీయుచున్నాడని పలువురు పండితులు ఆక్షేపించిరి. ఆయన చెప్పినదంతయు నిలువలేదన్నది నిజమే. ప్రతి కణమును ప్రతిరక్షకములను పుట్టింపదు. ఆ పనికి బి కణములను ప్రత్యేకమైన తెల్లకణములు కలవని తరువాతి కాలమున తెలిసెను. కాని ఆ బి కణముల ఉపరితలముపై నిజముగనే గ్రాహకములు ఉండుననియు, రక్తములోనికి విడుదలయగు ప్రతిరక్షకములు వానిని పోలినవే యనియు కూడ తెలియవచ్చెను. మందులును, గ్రంథుల రసములును, నాడుల సందేశములును గ్రాహకముల ద్వారానే పనిచేయునని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది.

1899లో ఎర్లిక్ సంస్థ ఫ్రాంక్‌ఫర్టు నగరమునకు మారెను. ఆయన అలవాట్లు విచిత్రములు. ఎల్లప్పుడును చుట్టలు కాల్చుచుండెను; ఆ దురభ్యాసము ఆయన ఆరోగ్యమునకు చేటు తెచ్చెను. ఆయన గది నిండ పుస్తకములు, పత్రికలు గుట్టలుగా ఉండెడివి. సహాయకులకు ఆ దినము చేయవలసిన పనిని చిన్న చిన్న రంగు కాగితములపై వ్రాసి పంపుచుండెను. వ్రాసిన ప్రతి మాటకును లెక్క అడుగుచుండెను. ఆయనకును బేరింగునకును మొదట గల స్నేహము తరువాత చెడెను. 1901లో వైద్యశాస్త్రమునకు మొట్టమొదటి నోబెల్ బహుమతి సీరము కనుగొన్నందులకు బేరింగునకే లభించెను. ఎర్లిక్ దానికి కుంగక తన పనిని సాగించెను. 1908లో ఆయనకును, రష్యా దేశీయుడైన మెచ్నికోవ్‌కును కలిపి ఆ బహుమతి నొసగిరి.

రంగులు కణములలో కొన్నింటినే పట్టుకొనునట్లు, రోగికి హాని చేయక సూక్ష్మజీవిని మాత్రమే పట్టుకొను మందును చేయలేమా అని ఆయన ఆలోచించెను. ఆర్సెనిక్ చేరిన రసాయనములను వందలకొలది తయారు చేయించి వరుసగా పరీక్షించెను. 1909లో జపాను నుండి వచ్చిన సహాయకుడు హాటా, 606వ సంఖ్యగల మందును మరల పరీక్షించి, సిఫిలిస్ అను భయంకర వ్యాధిపై అది చక్కగా పనిచేయుచున్నదని చూపెను. 1910లో అది సాల్వర్సాన్ అను పేర బయటకు వచ్చెను. గాలి తగిలినచో ఆ పొడి చెడి ప్రమాదకరమగును. కాబట్టి దానిని కూడ గాలి చొరని గాజు బుడ్లలో మూసి పంపిరి. మందును కనుగొనుటతో పని తీరదనియు, చెడకుండ రోగి చేతికి చేర్చుట కూడ పనిలో భాగమేననియు ఆయన మరల చూపెను.

ఈ మందు వలన కీర్తితోపాటు నిందలును వచ్చెను. వాడుకలో జరిగిన ప్రమాదములను చూపి కొందరు ఆయనను దూషించిరి. 1914లో న్యాయస్థానము ఆ ఆరోపణలు చేసినవానికి శిక్ష విధించెను. కాని ఎర్లిక్ శరీరము అప్పటికే శిథిలమై యుండెను. ఆ సంవత్సరమే మొదటి ప్రపంచ యుద్ధము చెలరేగి ఆయనను మరింత క్రుంగదీసెను. 1915వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన తన 61వ ఏట ఆయన బాడ్ హాంబర్గు పట్టణమున కన్నుమూసెను. తరువాత నాజీల పాలనలో, ఆయన యూదుడన్న ఒక్క కారణముచే, ఫ్రాంక్‌ఫర్టులో ఆయన పేరుగల వీథి పేరును మార్చివేసిరి. ఆయన భార్య ముసలితనమున దేశమును విడిచిపోవలసి వచ్చెను. యుద్ధానంతరము జర్మనీ ఆయన కీర్తిని మరల నిలిపెను. సీరములను, టీకా మందులను పరీక్షించు ఆ దేశపు ప్రభుత్వ సంస్థకు నేడు ఆయన పేరే కలదు.

ఎర్లిక్ మొదట రంగులను, తరువాత సీరములను శోధించెను. ఆ రెండును కలిసినచో ఎంత మేలు కలుగునో చూచుటకు ఆయన బ్రతికిలేడు. 1941లో అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ కూన్స్, ఆయన సహచరులును ప్రతిరక్షకమునకే మెరయు రంగును తగిలించిరి. ఆ ప్రతిరక్షకము తన లక్ష్యమును వెదకి పట్టుకొనును. పట్టుకొన్న చోట సూక్ష్మదర్శిని క్రింద వెలుగు కనబడును. నేడు కణముపై ఏ గ్రాహకము కలదో తెలిసికొనుటకు ఇట్టి పద్ధతులనే వాడుచున్నారు. రొమ్ము కాన్సరు గడ్డలో ఈస్ట్రోజెన్ గ్రాహకము కలదో లేదో ప్రతిరక్షకములతో పరీక్షించి, దానిని బట్టి ఏ మందు ఇయ్యవలెనో వైద్యులు నిర్ణయింతురు. పరీక్ష తప్పినచో మందు తప్పును.

ఇట్టి ప్రతిరక్షకములను సంపాదించుటకు ఒక మార్గము, గ్రాహకములోని పదార్థమును కుందేలునకో మేకకో సూదితో ఎక్కించి, కొన్ని వారముల పిమ్మట దాని సీరమును తీయుట. ఆ జంతువులోని అనేక కణవంశములు పలు రకముల ప్రతిరక్షకములను పుట్టించును. కాబట్టి వానిని పాలీక్లోనల్ ప్రతిరక్షకములు అందురు. అవి గ్రాహకమును ఒకే చోట గాక పలు చోట్ల పట్టుకొనును. అందుచే గ్రాహకము కొద్దిగా ఉన్నను కనిపెట్టగలవు. కాని ఒక కుందేలు సీరము వలె మరియొక కుందేలు సీరము ఉండదు. సోదర గ్రాహకములను కూడ పొరపాటున పట్టుకొనవచ్చును. 1975లో కోలర్, మిల్‌స్టైన్ అను శాస్త్రవేత్తలు ఒకే కణవంశము నుండి ఒకే రకపు ప్రతిరక్షకములను పుట్టించు ఉపాయమును కనిపెట్టిరి. అయినను మొదటివి నేటికిని వాడుకలో కలవు.

అట్టి సీరము చేతికి వచ్చినప్పుడు ఎర్లిక్ ఎదుర్కొన్న ప్రశ్నలే మరల ఎదురగును. దీని బలమెంత? ఇది చెడకుండ ఎట్లు నిలుచును? జాగ్రత్తగల పరిశోధకుడు క్రొత్త సీరమును గ్రాహకము తప్పక ఉన్న కణములపైనను, అది బొత్తిగా లేని కణములపైనను వేసి పోల్చును. గ్రాహకమును ఎక్కించుటకు ముందు అదే కుందేలునుండి తీసిన సీరముతో కూడ పోల్చును. పిమ్మట చిన్న చిన్న గొట్టములలో పంచి, సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలో గాని, అంతకు మించిన చలిలో గాని గడ్డకట్టించి దాచును. ఒక్కొక్క గొట్టమును ఒక్కసారియే కరిగించి వాడును. మాటిమాటికి గడ్డకట్టించి కరిగించినచో ప్రతిరక్షకములు ముద్దకట్టి పనికిరాకుండ పోవును. ప్రతి గొట్టముపైనను పేరును, తేదీని వ్రాయును. ఇవి చిన్న పనులే. కాని వీనిని మరచిన పరిశోధనకు విలువ లేదు.

ఇక మన డెల్టా సంగతి చూతము. కృష్ణ కాలువల క్రింద వరినాట్లు సాగు వానకాలమున పొలము గట్లపై పాముల సంచారము ఎక్కువ. 2018 వానకాలమున దివిసీమ పల్లెలలో పాముకాట్లు పెచ్చుపెరిగి, పలువురు అవనిగడ్డ ప్రభుత్వ వైద్యశాలకు చేరిరి. అట్టి వారికి ఇచ్చు విరుగుడు మందు కూడ పాలీక్లోనల్ ప్రతిరక్షకములే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగు పాముల విషమును కొద్దికొద్దిగా గుర్రములకు ఎక్కించి ఆ మందును చేయుదురు. నాగుపాము విషము నాడులకును కండరములకును నడుమనున్న గ్రాహకములను మూసివేయును. అప్పుడు రెప్పలు వాలి, ఊపిరి నిలిచిపోవును. ఈ మందు ఆ విషమును పట్టుకొని విరుచును. ఒక మిల్లీలీటరు మందు 0.6 మిల్లీగ్రాముల నాగుపాము విషమును, 0.45 మిల్లీగ్రాముల కట్లపాము విషమును విరువవలెనని మన దేశమున నిర్ణయించిరి. ద్రవరూపములోని మందును 2 నుండి 8 డిగ్రీల చల్లదనములో ఉంచవలెను. ఎండబెట్టి పొడిచేసిన మందు శీతలపేటిక లేని పల్లె వైద్యశాలలో కూడ నిలువ ఉండును. ఆ బుడ్డిలోని తూకమును, ఆ పొడిలోని నిలుకడయు ఎర్లిక్ చూపిన దారిలోనివే.

విద్యార్థులారా! క్రొత్త మందును కనుగొన్నవారిని లోకము కొనియాడును. ఆ మందునకు కొలత నేర్పి, చెడకుండ కాపాడి, పరీక్షింపక ఎవరికిని ఇయ్యరాదని పట్టుబట్టినవారిని అంతగా తలంపదు. కాని వైద్యశాలలో అపరిచితుడు అందించిన బుడ్డిని తల్లి నమ్మి తన బిడ్డకు ఇప్పించుచున్నదన్నచో, ఆ నమ్మకమునకు వెనుక ఇట్టివారి శ్రమయే కలదు. పాల్ ఎర్లిక్ ఆ నమ్మకమును నిలబెట్టుటకు తన జీవితమును ధారపోసెను.